ఓడలో నా పేరు

ఆదివారం ఉదయం పెరటి గట్టు మీద కూర్చుని నెత్తళ్ళ తలలు గిల్లుతున్నాను. మా ఆయన యుగంధర్ వెనక నుంచి వచ్చి నిలబడి, "గౌరీ, నార్వే ఎల్దామేటి?" అన్నాడు.

గార వెళ్దామా, పలాస వెళ్దామా అన్నంత మామూలుగా అన్నాడు. కొత్తగా రొయ్యల చెరువు తవ్విన ఏ ఊరి పేరో నాకు అలా వినపడిందేమో అనుకుని, తల ఎత్తకుండానే "ఎక్కడికి?" అన్నాను.

"నార్వే. యూరప్‌లో బాగా పైనుంటాది. మేత కంపెనీవోళ్ళు తీసుకెల్తన్నారు. పెద్ద ఓడ. ఎనిమిది రోజులు తిండీ నిద్రా అన్నీ అందులోనే. మంచుకొండల మజ్జిలోంచి ఎల్తాదంట. జూన్‌లో. మనిద్దరం."

మనిద్దరం అన్న మాట దగ్గర నా వేళ్ళ మధ్య చేప నలిగిపోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఏ ప్రయాణానికీ ఆ మాట ఆయన నోట రాలేదు. పెళ్ళయిన కొత్తలో విశాఖపట్నం వెళ్ళాం. మేమిద్దరం, మా అత్త సుభద్రమ్మ, బావగారు నాగబాబు, ఆయన భార్య, వాళ్ళ ఇద్దరు పిల్లలు. జూ గేటు దగ్గరే చిన్నవాడికి వాంతులు పట్టుకుంటే వాణ్ణి నా ఒళ్ళో పడుకోబెట్టి అందరూ లోపలికి వెళ్ళారు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చి, పులి ఎలా ఉందని నేను అడిగితే, "ఏటుంది, మామూలు పులే" అన్నాడు మా ఆయన. నేను ఇప్పటికీ పులిని చూడలేదు.

అందుకని నాకు మొదట వచ్చిన ఆలోచన ఎంత బాగుంటుందో అని కాదు, ఇప్పుడేం చేశాడో అని. ఏదైనా జబ్బు దాస్తున్నాడా, ఎవరితోనైనా గొడవ పెట్టుకున్నాడా, ఇంకెవరైనా ఉన్నారా. ఆయన మొహంలోకి చూశాను. నవ్వుతున్నాడు. ఎర గుచ్చకుండా గాలం వెయ్యరని భావనపాడు సముద్రపు ఒడ్డున పుట్టినదానికి ఒకరు చెప్పాలా!

విశాఖ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా కూతురికి ఆ సాయంత్రం ఫోన్లో చెప్పాను. "నాన్న నిన్నా? ఓడలోనా?" అని పకపకా నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత తగ్గి, "సారీ అమ్మా" అంది. నవ్వు కన్నా ఆ సారీ నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మా ఇల్లు అరసవల్లి నుంచి గార వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. కింద రొయ్యల మేత దుకాణం, పైన మేము. దుకాణం పేరు గౌరీ ఆక్వా ఫీడ్స్. పెళ్ళాం పేరు పెట్టుకున్నాడు, ఎంత ప్రేమో అని వచ్చినవాళ్ళంతా అంటారు. ఆడవాళ్ళ పేరు మీద అయితే బ్యాంకు అప్పు తొందరగా వచ్చే రోజుల్లో పెట్టిన పేరు అది. కాగితాల మీద ఓనర్ని నేనే. నెలకోసారి ఆయన లెటర్‌హెడ్ల కట్ట తెచ్చి అన్నం గిన్నె పక్కన పెడతాడు. "కింద సంతకాలెట్టెయ్, పైన నాను రాసుకుంటాను" అంటాడు. నేను చెయ్యి తుడుచుకుని పెట్టేదాన్ని. దుకాణం కుర్చీలో మాత్రం ఒక్కరోజు కూర్చోలేదు. నాలుగు చెరువుల రైతులు కూర్చునే చోట ఆడదేటి అని మా అత్త. అయితే ఆ రైతులు తెల్లవారుజామున ఫోన్ చేసేది నాకే. దుకాణం నంబరు ఫోను వంటింటి గూట్లో ఉంటుంది మరి. "అమ్మా, రొయ్య పైకి తేలిపోతన్నాది, ఏటి సెయ్యమంటావు?" అంటారు. గాలి చక్రాలు తిప్పండి, ఇవాళ మేత ఆపేయండి, నీళ్ళ రంగు ఎలా ఉందో చెప్పండి అంటాను. ఏ రైతు చెరువులో నీళ్ళు ఎన్నడుగులో, ఎవరు దొంగతనంగా మందులు ఎక్కువేస్తారో నాకు తెలుసు. కిందటేడు తెల్లమచ్చ తెగులు వచ్చి చుట్టుపక్కల చెరువులన్నీ ఖాళీ అయినప్పుడు మా రైతులు చాలామంది నిలబడ్డారు. జిల్లా మొత్తంలో ఎక్కువ మేత అమ్మింది మా దుకాణమే అని కంపెనీ షీల్డు ఇచ్చింది. షీల్డు అందుకున్నది మా ఆయన. ఆ రోజు నేను పాతిక మందికి చేపల పులుసు వండాను. ఇదంతా నేను పని అనుకోలేదు. ఎవరూ అనలేదు కాబట్టి నేనూ అనుకోలేదు.

అనుమానం ఉన్నంత మాత్రాన ఆశ పుట్టకుండా ఉంటుందా. మార్చిలో విశాఖ వెళ్ళి నా పాస్‌పోర్టుకి వేలిముద్రలు ఇచ్చొచ్చాం. కంపెనీ వాళ్ళ రంగుల పుస్తకం ఒకటి ఆయన టీవీ మీద పడేస్తే నేను తీసి బియ్యం డబ్బా మీద దాచుకున్నాను. రెండు కొండల మధ్య నల్లటి నీళ్ళు, ఆ నీళ్ళలో తెల్లటి ఓడ. కొండ మీంచి జలపాతాలు దారాల్లా వేలాడుతున్నాయి. గడ్డి కప్పిన పైకప్పుల ఇళ్ళు, ఎర్ర రంగు పూసిన చేపల గిడ్డంగులు. అక్కడ కూడా చేపలు ఎండబెట్టుకుంటారని చదివి ఎవరో చుట్టాల ఊరి పేరు విన్నట్టనిపించింది. అన్నం ఉడికేలోపు ఒక పేజీ, కుక్కరు కూతలు లెక్కపెడుతూ ఇంకో పేజీ చదివేదాన్ని. ఏ రోజు ఏ రేవులో ఆగుతుందో నాకు నోటికి వచ్చేసింది. జూన్ నెలలో అక్కడ రాత్రి కూడా సూర్యుడు అస్తమించడని చెబితే మా అత్త బుగ్గ నొక్కుకుంది.

"ఓలమ్మో! సూర్నారాయణుడు నిద్దరోడా? మరి ఆడోళ్ళెప్పుడు తొంగుంటారే?"

ఆవిడ అన్నది హాస్యానికి కాదు. నేను మాత్రం చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను.

ఆ నవ్వు చూసిన రోజు నుంచే మా ఆయన తీరు మారిందని తర్వాత ఆలోచిస్తే తోచింది. వద్దని ఒక్కసారీ అనలేదు. రోజుకో మాట మాత్రం తెచ్చేవాడు. అన్నానికి కూర్చుని, "అక్కడ సలికి ముక్కు తిమ్మిరెక్కి ఊడిపోయినట్టుంటాదంట" అనేవాడు. ఫోను తీసి నా మొహం ముందు పెట్టేవాడు. తుఫానులో ఒక ఓడ ఇటూ అటూ ఒరుగుతుంటే బల్లలు, కుర్చీలు, మనుషులు ఒక గోడ నుంచి ఇంకో గోడకి జారిపోతున్నారు. "సూడు, ఇలాటియ్యి మామూలేనంట. వాంతులు తట్టుకోగలవా నువ్వు? బస్సులో టెక్కలి దాకా ఎల్లడానికే నిమ్మకాయ పట్టుకుంటావు." ఇంకో రోజు, "ఓడలో అన్నం ఉండదంట గౌరీ, రొట్టి ముక్కలూ పచ్చి చేపలూనంట." అన్నీ చెప్పి చివర్న, "నీ ఇష్టం మరి. నాను తీసుకెల్నని అన్నేదు" అనేవాడు.

ఆ చివరి మాట దగ్గర నాకు అనుమానం ముల్లులా దిగేది. రమ్మని పిలిచినవాడు భయపెడతాడా? భయపెట్టాలనుకున్నవాడు అసలెందుకు పిలిచాడు? ఒక మాట అని ఆగి, నా మొహం వంక చూసేవాడు. చెరువు గట్టున చెక్‌ట్రే పైకి లాగి రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసుకునే రైతు చూపు అది. ఆయన దేనికోసమో ఎదురు చూస్తున్నాడు. దేనికోసమో నాకు అప్పటికి తెలియలేదు.

అత్త వేరే దారిలో వచ్చింది. రోజూ పొద్దున్న, సాయంత్రం ఆవిడ మోకాళ్ళకి వేన్నీళ్ళ కాపడం పెట్టేది నేను. "ఎల్లు తల్లీ, ఎల్లు. పది రోజులు నా కాళ్ళు ఎవులు సూస్తారో అని బెంగెట్టుకోకు. నువ్వొచ్చేసరికి ఉంటే ఉంటాను, నేకపోతే నేదు" అనేది. అదే మాట కొడుకుతో ఎందుకు అనదు, ఆయన కూడా వెళ్తున్నాడు కదా అని నాకు నేనే అనుకుని, గుడ్డ పిండి మళ్ళీ వేన్నీళ్ళలో ముంచేదాన్ని.

ఏప్రిల్ మొదట్లో నాకు దగ్గు పట్టుకుంది. ప్రతి వేసవిలోనూ మేత బస్తాల దుమ్ముకి పట్టుకునేదే. ఎప్పుడూ మిరియాల కషాయం తాగి ఊరుకునేదాన్ని. ఈసారి మా ఆయన మధ్యాహ్నం దుకాణం మూసి, బండి మీద కూర్చోబెట్టుకుని ఊళ్ళో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. గంటసేపు నా పక్కనే కూర్చున్నాడు. లోపల డాక్టరుతో ఆయనే మాట్లాడాడు. "సలి పడదండీ, ఆయాసం వస్తాది, కాగితం మీద బాగా వివరంగా రాయండి" అన్నాడు. వచ్చేటప్పుడు దారిలో కొబ్బరిబొండాం కొట్టించి, గొట్టం సరిచేసి మరీ నా చేతికిచ్చాడు. బండి మీద ఆయన వీపుకి నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాను. అనవసరంగా ఇన్నాళ్ళు అనుమానించాను, మనిషి మారాడు, మారకూడదా ఏం అనుకున్నాను. నా మీద నాకు సిగ్గేసింది.

ఇంటికొచ్చాక ఆ డాక్టరు కాగితాన్ని ఆయన మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు. పెళ్ళి ఫొటోలు చెదలు పట్టిపోయినా పట్టించుకోని మనిషి. నేను చూశాను. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాత వారం కొరియర్‌లో పార్సిల్ వచ్చింది. లోపల రెండు చలి కోట్లు, ఉన్ని లోదుస్తులు. ఒక కోటు మా ఆయన కొలత. రెండోది విప్పితే మంచం మీద సగం ఆక్రమించింది. నాలాటి వాళ్ళు ఇద్దరు పడతారు. తొడుక్కుని అద్దంలో చూసుకుంటే చేతులు మోకాళ్ళ దాకా వేలాడాయి.

"ఇదేంటి ఇంత పెద్దది?" అన్నాను.

ఆయన గబుక్కున నా భుజాల మీంచి దాన్ని తీశాడు. "కొలత తప్పొచ్చింది. మార్పిస్తాను." మడతపెట్టే చేతులు తొందరపడ్డాయి. మర్నాడు ఆ కోటు ఇంట్లో లేదు. మార్చిన కోటు రాలేదు.

మా బావగారు నాగబాబు భారీ మనిషి. ఆయన చొక్కాలు పెద్ద కొలతలో ఎక్కడా దొరకవని మా తోటికోడలు కుట్టిస్తుంది. ఆ ఆలోచన వచ్చింది. వచ్చిన వెంటనే తోసేశాను. ఇంట్లో మనుషుల మీద ఇలాంటివి అనుకోవడం కూడా పాపమేనని పెరిగినదాన్ని.

సోమవారం పదకొండింటికి వంటింటి గూట్లో ఫోను మోగింది. రైతు అనుకుని "నీళ్ళ రంగెలా ఉంది?" అన్నాను.

అవతల ఒక ఆడపిల్ల కొంచెం తడబడి, "మేడమ్, నేను మేత కంపెనీ విజయవాడ ఆఫీసు నుంచి అరుణశ్రీని. గౌరి గారేనా? ఇప్పుడు ఎలా ఉంది మేడమ్ మీకు?" అంది.

"నాకేమైంది?"

"అదే మేడమ్, ఆయాసం. మీరు రాలేకపోతున్నారని మాక్కూడా బాధగా ఉంది. ఎక్కువ మేత అమ్మిన అవార్డు మీదే కదా. ఓనరుకీ, కుటుంబంలో ఇంకొకరికీ టిక్కెట్లు. ఓనరుకి బాగోలేకపోతే డాక్టరు కాగితం, ఓనరు సంతకంతో ఉత్తరం ఉంటే ఇంట్లో ఇద్దరికి మారుస్తాం. మీ ఉత్తరం వచ్చింది. యుగంధర్ గారు, నాగబాబు గారు. కాకపోతే ఓనరుతో ఒకసారి మాట్లాడాలని రూలు. సర్ వేరే నంబరు ఇచ్చారు గానీ రిజిస్టర్లో ఉన్న నంబరుకే చెయ్యాలి. అందుకని చేశాను."

పొయ్యి మీద పప్పు పొంగింది. మంట తగ్గించాను. నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"ఆ ఉత్తరం ఒకసారి చదువుతావా అమ్మా?"

చదివింది. 'నాకు తీవ్రమైన ఆయాసం ఉన్నందున, చలి ప్రదేశానికి ప్రయాణం చేయుటకు భయముగా ఉన్నందున, నా ఇష్టపూర్వకంగా...' నా ఇష్టపూర్వకంగా అన్నచోట ఆ పిల్ల గొంతు కూడా నెమ్మదించింది. కింద సంతకం నాదే, అన్నం గిన్నె పక్కన పెట్టినవాటిలో ఒకటి. చదవడం పూర్తిచేసి, "మేడమ్, పేర్లు శనివారం దాకా మార్చుకోవచ్చు. తర్వాత వీసాకి పంపేస్తాం" అంది.

"రేపు చెప్తాను" అని పెట్టేశాను.

పప్పు తాలింపు పెట్టాను. అందరికీ వడ్డించాను. మా ఆయన రెండుసార్లు అడిగి వేయించుకుని, ఇవాళ ఓడలో పని చేసే ఎవరో మంచులో జారిపడి నడుం విరగ్గొట్టుకున్న కథ చెప్పాడు. చెప్పి ఆగి నా మొహం చూశాడు. అప్పుడు నాకు తెలిసింది ఆయన దేనికోసం ఎదురు చూస్తున్నాడో. నా నోటి వెంట 'నేను రాను' అన్న మాట కోసం. ఆ ఒక్కమాట నేను అనేస్తే ఆయన అబద్ధం నిజమైపోతుంది. దొంగ ఉత్తరం మంచి ఉత్తరమైపోతుంది. రెండు నెలలుగా ఆయన నన్ను భయపెట్టింది చలితో కాదు, నా పిరికితనం మీద ఆయనకున్న నమ్మకంతో. ఉత్తరం పోతే పోయింది. కొబ్బరిబొండాం గుర్తొచ్చింది. గొట్టం సరిచేసి ఇచ్చాడే, అది కూడానా? ఆయన వీపు మీద నేను నుదురు ఆనించిన ఆ కాసేపు, జేబులో డాక్టరు కాగితం పెట్టుకుని ఆయన ఏమనుకుని ఉంటాడు?

మర్నాడు మా అమ్మని చూసొస్తానని చెప్పి భావనపాడు బస్సెక్కాను. నిమ్మకాయ పట్టుకెళ్ళలేదు.

మా అమ్మ లక్ష్మణమ్మకి డెబ్బై దగ్గరపడ్డాయి. ఇసకలో పరిచిన వల మీద ఎండుచేపలు తిరగేస్తూ ఉంది. నన్ను చూసి లేవలేదు. "ఏటే, ఏడిసినావేటి?" అంది.

"లేదు."

"మరి కళ్ళలా ఉన్నాయేటి? కూకో."

కూర్చుని అంతా చెప్పాను. అమ్మ మధ్యలో ఒక్కసారి కూడా యుగంధర్‌ని తిట్టలేదు. విని విని, అసలు సంగతి వదిలేసి, "ఆ ఓడలో వంటెవులు సేస్తారే?" అంది.

"వాళ్ళ మనుషులుంటారు."

"అంట్లు?"

"వాళ్ళే."

"మరి నువ్వేటి సేస్తావు?"

"కూర్చుంటాను. చూస్తాను."

"ఏటి సూస్తావు?"

"సముద్రాన్ని."

అమ్మ చేతిలో చేప అలాగే ఆగిపోయింది. ఎదురుగా అల విరిగి తెల్లగా వెనక్కి పోతోంది. దాని వంక చూసి, "పుట్టినకాడి నుంచి దీని ఒడ్డునే ఉన్నాను. ఏనాడూ కూకుని సూడ్నేదు" అంది.

నాకు మా నాన్న కూర్మయ్య గుర్తొచ్చాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒడ్డున ఉన్న పడవెక్కి ఆడుకున్నానని వీపు మీద కొట్టాడు. ఆడపిల్ల ఎక్కితే పడవ మైలపడుతుందని దాన్ని పసుపునీళ్ళతో కడిగించాడు. ఆ మాటే అమ్మతో అన్నాను.

"కడిగించినాడు. ఎవులి సేత కడిగించినాడు?" అంది అమ్మ. "నా సేతే. ఆడది తాకితే మైలంట, ఆడది కడిగితే శుద్ధంట. ఆ పొద్దు లోపలికెక్కి మూల మూలా తోమినాను. అదే నాను పడవెక్కడం." నవ్వి, చేపని తిరగేసి, "నాగబాబుకేటి పని ఆ ఓడలో? ఆడేమైనా రొయ్యలోళ్ళ ఫోన్లెత్తినాడా?" అంది.

"ఇంట్లో పెద్ద గొడవవుతుందమ్మా."

"అవుతాది. ఇప్పుడు అవనేదేటి? నీకు వినపడకుండా అయినాది, అంతే." తర్వాత గొంతు తగ్గించి, "నిన్ను ఎల్లమనీ సెప్పను, మానమనీ సెప్పను. ఎవుల మాట మీదా ఎల్లకు, ఎవుల మాట మీదా మానకు" అంది. వచ్చేటప్పుడు ఎండు కవ్వళ్ళ చేపలు పొట్లం కట్టి ఇచ్చింది, ఎప్పటిలాగే.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి మా ఆయన, బావగారు ముందుగదిలో టీవీ చూస్తున్నారు. అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పి, వంటింట్లోకి వెళ్ళి ఫోను తెచ్చి, వాళ్ళ ముందే అరుణశ్రీకి చేశాను.

"అమ్మా, నేను గౌరిని. నాకు ఆయాసం లేదు. ఆ ఉత్తరం నేను రాయలేదు. నేను ఓడకి వస్తున్నాను."

టీవీ గొంతు ఎవరో తగ్గించారు. అరుణశ్రీ గొంతు గదిలో అందరికీ వినపడింది. "చాలా సంతోషం మేడమ్. మరి రెండో పేరు?"

"శనివారం దాకా టైముందన్నావు కదా. ఆలోచించి చెప్తాను."

బావగారు లేచి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆయన బండి శబ్దం దూరమయ్యాక మా ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వెలాగూ రానంటావని..." అన్నాడు.

"నేను అనలేదు కదా."

"అంటావనుకున్నాను. అన్నయ్య అడిగినాడు, మాటిచ్చేసినాను. నీకు సెప్పకుండా ఎల్లిపోదామనా? ముందు నిన్నే కదా అడిగినాను?"

"అడిగారు. రోజూ భయపెట్టారు."

"ఇంటి మనిషిని. నా మీద నమ్మకం నేదా నీకు?"

దగ్గుతూ వెళ్ళి బియ్యం కడిగాను.

తర్వాత మూడు రోజులు ఆ ఇల్లు నాకు తెలిసిన ఇల్లు కాదు. అత్త పొద్దున్నే లేచి నాకు కాఫీ కలిపింది. తన కాపడం తనే పెట్టుకుంటానంది. మా ఆయన తిన్న కంచం సింకు దాకా తెచ్చాడు. ఇరవై రెండేళ్ళు ఎదురు చూసినవన్నీ ఒక్క వారంలో వచ్చి పడుతుంటే నాకు సంతోషం వేయాలి. వేయలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని ఇందులో చక్కెర ఎక్కువెందుకు వేసిందా అని ఆలోచించాను. ఆయన కంచం తెచ్చి పెట్టి నా వంక చూస్తే, ఏ మాట కోసం చూస్తున్నాడా అని వెతికాను. మనుషుల మంచితనాన్ని కూడా తిరగేసి చూసే బుద్ధి నాకు ఎవరు నేర్పారు? నేను ఇలా పుట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. తల గోక్కున్నాడు. "తప్పే గౌరీ. ఒప్పుకుంటన్నాను. అన్నయ్యకి నాను సెప్పుకుంటాను. మనిద్దరం ఎల్దాం. నిజంగా" అన్నాడు.

కళ్ళలో తడి ఉంది. నేను ఆ కళ్ళలోకి చాలాసేపు చూశాను. నిజమే కావచ్చు. మనిషి నిజంగానే నొచ్చుకుని ఉండొచ్చు. లేకపోతే అన్న ముందు పోయిన పరువు కనీసం ఊరి ముందైనా నిలబెట్టుకోవాలని కావచ్చు. ఎంత చూసినా నాకు తెలియలేదు. రంగు చూడకుండా, ఫోన్లో వింటూనే చెరువులో ఏమవుతోందో చెప్పగలిగే నాకు, రెండడుగుల దూరంలో ఉన్న మొగుడి మొహం తెలియలేదు. అలా తెలియకపోవడమే నాకు జవాబైంది. ఆయనతో వెళ్తే ఎనిమిది రోజులూ నేను ఆయన మొహమే చూస్తూ కూర్చుంటాను. కొండల మధ్య ఓడ వెళ్తుంటే, ఇప్పుడీయన శాలువా ఎందుకు కప్పాడు, ఇప్పుడెందుకు నవ్వాడు అని వెతుక్కుంటాను. నేను చూడాలనుకున్నది సముద్రాన్ని.

శనివారం పొద్దున్న పదింటికి అరుణశ్రీయే చేసింది. మా ఆయన దుకాణంలోకి దిగకుండా మెట్ల దగ్గర ఆగిపోయాడు.

"రెండో పేరు ఎవరిది రాయమంటారు మేడమ్?"

"ఎవరిదీ వద్దు. నేను ఒక్కదాన్నే వస్తాను."

"గది మొత్తం మీ ఒక్కరికే వస్తుంది మేడమ్. పర్లేదా?"

"పర్లేదు" అన్నాను. "కిటికీ ఉంటుందా?"

ఉంటుందంది. ఫోను గూట్లో పెట్టాను. అప్పుడు భయమేసింది. ఒక్కదాన్ని విమానం ఎలా ఎక్కాలో తెలియదు. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు తప్ప రావు. దగ్గు ఇంకా తగ్గలేదు. కానీ ఆ భయం ఎవరూ తెచ్చిపెట్టింది కాదు, నా సొంతం.

మా ఆయన మెట్ల దగ్గర నుంచి కదల్లేదు. కోపం, ఏడుపు రెండూ కలిసిన గొంతుతో, "రేపు కంపెనీవోళ్ళు పేపర్లో ఫొటో ఏయిస్తారు. రైతులడుగుతారు. అన్నయ్య అడుగుతాడు. పెళ్ళాం ఓడెక్కి ఎల్లింది, మొగుడింట్లో ఉన్నాడంటే ఏటనుకుంటారు? ఏటని సెప్పమంటావు నన్ను?" అన్నాడు.

"ఒంట్లో బాగోలేదని ఒక ఉత్తరం రాయండి, ఈసారి మీకు" అన్నాను. "కింద సంతకం మాత్రం మీదే పెట్టుకోండి."